కామెంటరీలో రాని పేరు

ఉదయగిరి మండలం,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు పెంచలప్రసాద్‌కు అక్క ప్రమీలారాణి ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నాయన, మీ బావ, నేను, గొర్రెలు అందరం క్షేమం. అక్కడ నువ్వు, మరదలు అనుపమ, పిల్లలు క్షేమమని తలుస్తాను. ఏ ఉత్తరమైనా ఇట్లాగే మొదలు పెట్టాలని నాయన చిన్నప్పుడు నేర్పాడు కాబట్టి అంతవరకు రాశాను. ఇక మీద రాసేది నా కడుపు మంట.

నీ ఉత్తరం బుధవారం అందింది. పార్సిలూ అందింది. చీర మంచిదే, ఇంకా మడత విప్పలేదు. "నెల రోజుల నుంచి ఫోన్ ఎందుకు ఎత్తడం లేదక్కా?" అని అడిగావు. ఎత్తితే ఏమవుతుందో నాకు తెలియదా? నేను నోరు తెరిచేలోపల "అక్కా, మీటింగ్‌లో ఉన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఉత్తరమైతే నన్ను మధ్యలో ఆపలేవు. చదవకుండా చించి పారేస్తావా, అది నీ ఖర్మ.

నాయన మోకాలి నొప్పి గురించి అడిగావు. వింజమూరు డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగుతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషివి, మంద వెంట పోవద్దంటే వింటాడా? పొద్దున్నే కర్ర తీసుకుని బయలుదేరతాడు. తిండి బాగానే తింటున్నాడు. టీవీ మాత్రం చూడడం లేదు. సర్కారు చానల్ పెడితే లేచి దొడ్లోకి పోతాడు. ఆ చానల్ పోయిందంటే ఇల్లంతా గోల చేసే మనిషి, ఇప్పుడు ఆ బొమ్మ కనపడితే చాలు చెప్పులు వెతుక్కుంటాడు.

ఇక నువ్వు సగం పేజీ రాసిన సంగతికి వస్తాను. ఆటలు చూపించడానికి సర్కారు చానల్‌కు డబ్బు చాలడం లేదట. పాతకాలంలో రేడియోకు కట్టినట్టు ఇంటికి ఏడాదికి రెండు వందలు లైసెన్సు ఫీజు పెడితే పల్లెల్లో జనం కడతారా, కడితే వాళ్ళకు గిట్టుబాటేనా, ఊళ్ళో నలుగుర్ని అడిగి రాయమన్నావు. ఏదో సభలో మాట్లాడాలట. నీకెంత ధైర్యంరా! నువ్వు చేసిన పనికి మన ఊరు ఇంకా ఉడుకుతుంటే, ఆ ఊరి మాటలే ఏరుకుపోయి సభలో చప్పట్లు కొట్టించుకుంటావా?

అయినా అడిగాను. అడగమన్నావు కాబట్టి కాదు, నాకే తెలుసుకోవాలనిపించింది. టీ అంగడి నరసింహ, "రెండొందలా? క్రికెట్టు అంతా చూపిస్తే అయిదొందలు పారేస్తా. కబడ్డీకి యాభై కూడా ఇయ్యను" అన్నాడు. ఎదురింటి రేణుకాదేవి మాత్రం కాస్త ఆలోచించి, "ఆ డబ్బు చానళ్ళు మన గోపికను ఎప్పుడన్నా చూపించినాయా అక్కా? చూపించింది ఇదే. కడతా. కానీ డబ్బు కట్టినాక నిజం చెప్పకపోతే ఎవుర్ని అడగాల? ఆ అడ్రసు కూడా ఇయ్యమను మీ తమ్ముణ్ణి" అంది. రాసుకో. సభలో చదువు.

నాయన సంగతి నీకు తెలిసిందే. పెళ్ళి కాక ముందు నుంచీ రేడియో భుజాన తగిలించుకుని మంద తోలేవాడు. ఏడాదికి పదిహేను రూపాయలు, ఉదయగిరి పోస్టాఫీసుకు నడిచిపోయి కట్టి, పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాడు. "కొండ మీద నీ గొర్రెలు తప్ప ఆ రేడియో ఎవురు వింటారు మాలకొండయ్యా, ఇన్‌స్పెక్టరు కొండెక్కి వస్తాడా?" అని నవ్వేవాళ్ళట. "గొర్రెలు విన్నా ఫీజు ఫీజే. ఈ పదిహేను రూపాయలు నేను పాటలకు కట్టడంలా. ఆట జరగతా ఉంటే ఒక మనిషి ఆడ నిలబడి చూసింది చూసినట్టు నాకు చెప్తా ఉండాడు, ఆ మనిషికి కడతా ఉండా" అనేవాడు. డెబ్బై ఐదులో మనవాళ్ళు హాకీ కప్పు గెలిచిన రోజు కొండ మీద ఒక్కడే ఎగిరి గంతులేశాడని ఇప్పటికీ చెప్తాడు. నీకు కామెంటరీ ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు నాయన ఊరంతా బెల్లం పంచింది ఎందుకనుకున్నావు? కాంట్రాక్టు ఉద్యోగమే కావచ్చు. చూసింది చూసినట్టు చెప్పే ఆ మనిషి తన కొడుకే అయ్యాడని ఆయన సంతోషం.

ఇప్పుడు లైసెన్సూ లేదు, ఫీజూ లేదు. ఇంటి మీద డిష్ గిన్నె ఒకసారి పెట్టుకుంటే చాలు, నెలనెలా కట్టేదేమీ లేదు. ఆ చానలే ఆ రోజు నా బిడ్డ గోపిక ఆడిన కబడ్డీ ఫైనల్‌ను ఒక్క రూపాయి అడక్కుండా దేశమంతా చూపించింది. దానిమీద నాకేం కోపం లేదు. కెమెరా అబద్ధం చెప్పలేదు. చెప్పింది నువ్వు.

"ఫైనల్ ఊళ్ళో అందరూ చూశారా?" అని అడిగావు కదా. చూశారు. ఎట్లా చూశారో చెప్తాను, విను.

దానికి ముందు గ్రౌండు సంగతి చెప్పాలి. మన హైస్కూలు గ్రౌండు రాతి నేల. పిల్లలు పడితే మోకాళ్ళు చీరుకుపోయేవి. హన్నమ్మ టీచర్ పార్ట్‌టైమ్ డ్రిల్లు టీచరుగా వచ్చిన ఏడాది నాయన దగ్గరకు వచ్చి, "పెద్దాయనా, రైతులకు పొలాల్లో ఎరువు కోసం మంద పెడతారు కదా, మా పిల్లల కోసం గ్రౌండులో మూడు దినాలు పెట్టండి" అంది. నాయన మొదట నవ్వాడు. మంద పెడితే రైతు గింజలు కొలుస్తాడు, డ్రిల్లు టీచరు ఏం కొలుస్తుంది? కానీ పెట్టాడు. పెంటికలు నేలంతా రాలాక గుంటక తోలి, చెరువు మట్టి కలిపి, నీళ్ళు చల్లి కబడ్డీ కోర్టు చేశారు. పదకొండేళ్ళుగా ఏటా అదే పని. గోపిక ఆరో తరగతి నుంచి ఆ మెత్తటి నేల మీదే కూతకు పోవడం నేర్చుకుంది. జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా హన్నమ్మ టీచర్ పొద్దున్నే అక్కడ ఉండేది.

జూన్‌లో క్రీడల ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. గ్రౌండు నచ్చితే శిక్షణ కేంద్రం ఇస్తారు. మ్యాట్ వస్తుంది, ఆడపిల్లలకు ఒక గది వస్తుంది, టీచర్‌కు కోచ్‌గా సరైన ఉద్యోగం వస్తుంది. మనవాళ్ళ తెలివి చూడు. పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, నేల ఇంకా మెత్తగా ఉండాలని ముందురోజే మూడు వందల గొర్రెల్ని తెచ్చి గ్రౌండులో పెట్టారు! ఆయన కారు దిగి, బూట్ల కింద చూసుకుని, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "గొర్రెల దొడ్డిలో నేషనల్ ప్లేయర్లు తయారవుతారా?" అన్నాడు. టీచర్ అంతా విడమర్చి చెప్పింది. చెడ్డవాడు కాదులే, కాసేపు విన్నాడు. "అమ్మా, మీ మాట నేను నమ్మతా. పైవాళ్ళకు రుజువు కావాల. సెప్టెంబరులో మీ గోపిక ఆడే టోర్నమెంటు లైవ్ వస్తాది కదా, ఆ అమ్మాయి ఈ స్కూలు పిల్లే, ఈ టీచర్ శిష్యురాలే అని దాంట్లో వస్తే అంతకంటే రుజువు ఏముండాది? ఆ రికార్డింగు జత చేసి పంపిస్తా" అన్నాడు.

ఆ రోజే నీకు ఫోన్ చేశాను. గుర్తుందా? "నేనే కదక్కా కామెంటరీ! టీచర్ పేరు చెప్పకుండా ఉంటానా? ఊరి పేరుతో సహా పదిసార్లు చెప్తా" అన్నావు. ఆ మాటలే నేను పోయి టీచర్‌కు చెప్పాను. ఊరికీ చెప్పాను.

స్కూలు వరండాలో టీవీ పెట్టాం. రెండు వందల మంది ఉంటారు. హన్నమ్మ టీచర్ క్రిస్మస్‌కు కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. పిల్లలతో కింద కూర్చుంటానంటే ఊరుకోలేదు, ముందు వరసలో నాయన పక్కన కుర్చీ వేశాం. ఆట చివరి నిమిషంలో రెండు పాయింట్లు వెనక ఉన్నాం. గోపిక కూతకు పోయి, ముగ్గుర్ని తాకి, గీత అందుకుంది. వరండా దద్దరిల్లిపోయింది. అప్పుడు నీ గొంతు. "నెల్లూరు విక్రాంత్ అకాడమీ మలిచిన ఆణిముత్యం! ఆరో తరగతి నుంచి అకాడమీ మ్యాట్ మీదే పెరిగిన గోపిక!"

నాయనకు అర్థం కాలేదు. నా వైపు తిరిగి, "ఎవురి గురించి చెప్తా ఉండాడే?" అన్నాడు.

ఏం చెప్పను? అకాడమీ అంటే ఏంటో ఆయనకు తెలియదు. అకాడమీ వాళ్ళు మూడు నెలలు నెల్లూరులో పెట్టుకుని అన్నం పెట్టి బూట్లు కొనిచ్చారు. కాదనను. పదకొండేళ్ళుగా గ్రౌండులో నిలబడిన టీచర్‌ను మూడు నెలల బూట్లు తుడిచేస్తాయా? అది చాలదన్నట్టు మైకు పట్టుకుని గ్రౌండులోకి దిగావు. "గోపికా, ఈ విజయం ఎవరికి అంకితం?" అన్నావు. నా బిడ్డ నీ ముఖం చూసింది, కింద చూసింది, అకాడమీ సారు పేరు చెప్పింది.

వరండాలో హన్నమ్మ టీచర్ లేచి, చిన్న పిల్లలతో "రేపు ప్రాక్టీసు ఉండాది, లేటు చేయబాకండి" అని చెప్పి వెళ్ళిపోయింది.

గోపిక తర్వాత ఫోన్‌లో వెక్కి వెక్కి ఏడ్చింది. "మామే చెప్పమన్నాడమ్మా. లేకపోతే సీటు పోతాదన్నాడు" అంది. ఆఫీసరుకు ఫోన్ చేస్తే, "మీ అమ్మాయే టీవీలో చెప్పింది కదమ్మా, నేనెట్టా రాయాల?" అన్నాడు. మన ఊరికి రావలసిన కేంద్రం ఇప్పుడు ఎక్కడికి పోతోందో తెలుసా? ఆ అకాడమీకే. ఈ నెలాఖరుకు ఫైలు కదిలిపోతుంది. ఇప్పుడు టీచర్ దగ్గర నేర్చుకునే పదకొండు మంది ఆడపిల్లలకు ఆ పెంటికల నేలే గతి.

నువ్వు ఏమని రాశావు? "ప్రొఫైల్ షీటులో ఉన్నది చదివానక్కా, నా తప్పేముంది?" అని. ఆ కిందనే, అకాడమీ సారు మాట సాయంతో వచ్చే సీజను ప్రైవేటు చానల్లో కామెంటరీకి కుదిరావని సంతోషంగా రాశావు. ఆ రెండు వాక్యాలూ ఒకే పేజీలో రాయడానికి నీకు సిగ్గు వేయలేదా? హన్నమ్మ అన్న పేరు పలకడానికి నీ నాలుక ఎందుకు తిరగలేదురా? చిన్నప్పుడు కుక్క కరిస్తే నిన్ను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది వాళ్ళ అమ్మ కాదా? నిన్ను తమ్ముడని చెప్పుకోవాలంటే నాకు తల తీసినట్టుంది. నీ చోట నేనుంటే సీటు పోయినా సరే, ఉద్యోగం పోయినా సరే, అబద్ధానికి


సోమవారం, ఆత్మకూరు.

నిన్న అక్కడిదాకా రాసి ఆగిపోయాను. ఆ వాక్యం పూర్తి చేయడానికి చెయ్యి ఆడలేదు. ఎందుకు ఆడలేదో నీకు తెలుసు. నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

ఫిబ్రవరిలో నువ్వు ఒక ఫారం తెచ్చావు. "అక్కా, ఇక్కడ సంతకం పెట్టు, గోపికకు అకాడమీ సీటు" అన్నావు. నేను పదో తరగతి చదివినదాన్ని. నాయనకు రోజూ పేపరు చదివి వినిపించేదాన్ని. చదవకుండా సంతకం పెట్టానని ఎవరికి చెప్పినా నమ్మరు. చదివాను. "ఆరో తరగతి నుంచి మా అకాడమీలోనే శిక్షణ పొందినది" అని ఉంది. "ఇదేందిరా?" అంటే "అదంతా ఫార్మాలిటీ అక్కా, ఎవరు చదువుతారు?" అన్నావు. హాస్టలు, తిండి, బూట్లు, మంచి డాక్టరు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. పెట్టాను. మీ బావకు కూడా చెప్పలేదు. నువ్వు చదివిన షీటు నా సంతకం మీద పుట్టిందే. ఊళ్ళో అందరికంటే గట్టిగా నిన్ను తిట్టింది నేను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే ఆశ్చర్యం.

పొద్దున్నే హన్నమ్మ టీచర్ ఇంటికి పోయాను. ఆమె పిల్లల మోకాలి పట్టీలు చినిగినవి కుడుతోంది. గుమ్మంలోనే నిలబడి, "టీచరమ్మా, ఆ ఫారం మీద సంతకం నాదే. చదివే పెట్టినా" అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. "తెలుసు ప్రమీలా" అంది.

"ఎప్పటి నుంచి?"

"మార్చి నుంచి. దాని నకలు స్కూలుకు పంపించినారు, హెడ్మాస్టరు నాకు చూపించినాడు. నీ సంతకం నాకు తెలీదా? గోపిక ప్రోగ్రెస్ కార్డుల మీద అన్నేళ్ళు చూసినా."

"మరి తెలిసి కూడా ఆ పొద్దు టీవీ ముందు ఎందుకు కూచున్నారు?"

"కాగితం మీద ఏమన్నా రాస్తారు. నోటితో అనేటప్పుడన్నా మీ వాళ్ళు ఆగతారేమో అనుకున్నా." దారం తెంపి, ఇంకో పట్టీ తీసుకుంది. "నువ్వే వచ్చి చెప్తావని చూసినా. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. నువ్వు గ్రౌండుకు మజ్జిగ పంపిస్తా ఉండావు. తాగే ప్రతిసారీ, ఈ పొద్దు చెప్తాది, ఈ పొద్దు చెప్తాది అనుకున్నా. కడాకు ఆ మజ్జిగ నా గొంతు దిగలా. పిల్లలకు పోసేసినా."

ఎనిమిది నెలలురా! నా మోసం చేతిలో పెట్టుకుని ఆమె నా బిడ్డకు కూత నేర్పింది. నెల్లూరు పోయే రోజు బస్టాండుకు వచ్చి, అరటిపండ్లు ఇచ్చి, జాగ్రత్తలు చెప్పింది. నువ్వు నన్ను మోసం చేశావని నేను నెల రోజులుగా గుండెలు బాదుకుంటున్నాను. ఆమె ఎవరి ముందు బాదుకుంది?

ఆఫీసరు ఇవాళ ఆత్మకూరులో క్యాంపు. ఇద్దరం బస్సెక్కి వచ్చాం. లోపలికి పోయేముందు గోపికకు ఫోన్ చేశాను. ఈసారి దాన్ని అడగకుండా ఏదీ చేయకూడదనుకున్నాను. సీటు పోవచ్చు అని చెప్పాను. "పోనీలేమ్మా. టీచర్ నన్ను మళ్ళీ రానిస్తాదా, అడుగు" అంది. టీచర్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "మోకాలికి వాపు తగ్గిందా? తగ్గినాకనే రా" అంది. అంతే. బిడ్డను ఆమె ఎప్పుడో క్షమించేసింది.

ఆఫీసరు ముందు నా చేత్తో రాసిచ్చాను. గోపిక ఏ నేల మీద ఎన్నేళ్ళు ఆడిందో రాశాను. ఫారం మీద నేను చదివి పెట్టిన సంతకం గురించి రాశాను. నువ్వు జూన్‌లో ఫోన్‌లో ఇచ్చిన మాట, ఫైనల్ నాడు మైకులో చెప్పిన మాట, గోపిక చేత చెప్పించిన మాట, మూడూ రాశాను. నీ పేరు, నా పేరు పూర్తిగా రాశాను. ఆయన చదివి, "మీ తమ్ముడికి ఇబ్బంది అవతాదమ్మా, మళ్ళీ ఆలోచించుకోండి" అన్నాడు. ఏడ్చాను. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, ఏడవనా? కానీ కాగితం వెనక్కి తీసుకోలేదు. ఫైలు కదలకుండా ఆపుతానన్నాడు. కేంద్రం మన ఊరికి వస్తుందో రాదో ఇంకా తెలియదు. నీ పాత ఉద్యోగానికి, కొత్త ఉద్యోగానికి ఏమవుతుందో అదీ తెలియదు. వాళ్ళు పిలిచి అడిగేలోపల నీకు నా నోటి నుంచే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

టీచర్ నన్ను క్షమించిందా అని అడగబోకు. టీ తాగుదామంటే వద్దంది. బస్టాండులో నేను ఈ బల్ల మీద రాస్తుంటే ఆమె అవతలి బల్ల మీద కూర్చుంది. మా బస్సు వచ్చేస్తుంది. ఆమె నా పక్కన కూర్చోదు, నాకు తెలుసు.

వచ్చే నెల వస్తానని రాశావు. రా. కానీ బస్సు దిగి నేరుగా మన ఇంటికి రావద్దు. ముందు హన్నమ్మ టీచర్ ఇంటికి పో. గుమ్మంలో నిలబడి, ఆ రోజు దేశమంతా వినేటట్టు చెప్పిన అబద్ధానికి బదులు నిజం చెప్పు. వినేది ఆమె ఒక్కతే అయినా సరే. ఆమె లోపలికి రమ్మంటే, ఆ తర్వాత మా ఇంటికి రా, నాయన ఎదురు చూస్తుంటాడు. రమ్మనకపోతే వచ్చిన బస్సే ఎక్కు. ఆ గుమ్మంలో పొద్దున నేను నిలబడ్డాను. నన్ను ఇంకా లోపలికి రమ్మనలేదు.

ఇట్లు,
నీ అబద్ధం కింద సంతకం పెట్టిన
నీ అక్క,
ప్రమీలారాణి.